2024–25 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పిస్తున్నది

సభ్యులందరికీ నమస్కారం.

బెంగళూరులో మన తెలుగువాళ్ల సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, నేరుగా పనిలోకి వస్తాను. ఈ ఏడాది నీటి కటకటతోనే మొదలైంది. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో కార్లు కడగడం, మొక్కలకు పెట్టడం, కట్టడాలకు వాడటం నిషేధించింది. మీరితే 5,000 రూపాయల జరిమానా అంది. పెద్ద వాడకందారులు కుళాయిలకు ఏరేటర్లు (నీటి ధారను తగ్గించే జాలీ మూతలు) బిగించాలంది. ఆ రెండు నెలలూ అందరం బుద్ధిగా ఉన్నాం. అక్టోబరులో కావేరి ఐదో దశ మొదలై రోజుకు 77.5 కోట్ల లీటర్లు అదనంగా వస్తాయనేసరికి ఆ శ్రద్ధ సడలింది. ఇంటికొచ్చిన నీటిలో ఐదింట నాలుగు వంతులు మురుగై బయటికి పోతుందని ఇంజనీర్ల లెక్క. అంటే కావేరి నీళ్లు పెరిగినకొద్దీ మురుగూ పెరుగుతుంది. అందుకే కార్యవర్గం ఈ ఏడాది పనంతా అపార్ట్‌మెంట్ల ఎస్టీపీల (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్ల) మీదే పెట్టింది.

ఆ మురుగు ఎటు పోతుందో సభ్యులు ఒకసారి ఆలోచించాలి. మారతహళ్లి చుట్టుపక్కల రాజకాలువల్లో (వాననీరు పోయే పెద్ద కాలువల్లో) పడ్డది బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా దక్షిణ పినాకినిలో కలిసి హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయానికి చేరుతుంది. బెళ్లందూరు చెరువు నురగ, మంటలు దేశమంతా చూసింది. కెలవరపల్లి నురగ హోసూరు రైతులు ఇప్పటికీ చూస్తున్నారు. ఇటు కోరమంగల–చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన నీటిని రోజుకు 44 కోట్ల లీటర్ల చొప్పున కోలారు వైపు 126 చెరువులకు పంపే పథకం 2018లో మొదలైంది. ఆ ఏడాదే లక్ష్మీసాగర చెరువులో నురగ లేచి విషయం హైకోర్టుకు, ఆపైన సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ వైపున్న ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి నుంచి వచ్చిన సభ్యులు మనలో ఎంతమందో లెక్కపెట్టుకోండి. ఇక్కడ మనం సింకులో పోసింది అక్కడ మన అన్నదమ్ముల చేలకు చేరుతోంది.

ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోదగ్గ పని సంక్రాంతి రోజున జరిగిన జాడీ పరీక్ష. ముగ్గుల పోటీ పక్కనే బల్లలు వేసి, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల ఆపరేటర్లను పిలిచాం. ఎవరి ఏరేషన్ ట్యాంకు (మురుగులోకి గాలి ఊదే ట్యాంకు) నీళ్లు వాళ్లే తెచ్చారు. గాలి ఊదే బ్లోయర్ నడుస్తుండగా ముంచిన నీటిని లీటరు కొలజాడీలో పోసి, కదపకుండా 30 నిమిషాలు ఉంచాలి. బురద 250 నుంచి 350 మిల్లీలీటర్ల దగ్గర ఆగి, పైన నీరు తేటగా ఉంటే ఎస్టీపీ బాగున్నట్టే. వంద దగ్గరే ఆగితే మురుగును తినే బ్యాక్టీరియా చాలదు. ఏడెనిమిది వందల దగ్గరే నిలిచిపోతే రెండు కారణాలుండొచ్చు. అదే నమూనాలో సగం తీసి, సగం శుద్ధి నీరు కలిపి మళ్లీ నిలబెట్టాలి. ఈసారి దిగితే పాత బురద పేరుకుపోయిందని అర్థం, కొంత తీసి, బురదలోంచి నీరు పిండే ఫిల్టర్ ప్రెస్‌కు పంపాలి. అప్పుడూ దిగకపోతే పోగుల్లాంటి బ్యాక్టీరియా పెరిగిందని, గాలి చాలడం లేదని అనుమానించాలి. నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన వస్తే అనుమానమే అక్కర్లేదు. కిందికి దిగిన బురద గంట తర్వాత ముద్దలుగా పైకి తేలితే, బురద దిగే సెటిలింగ్ ట్యాంకులో అది ఎక్కువసేపు నిలిచి నైట్రోజన్ బుడగలు లేస్తున్నాయన్నమాట. బురదను ఏరేషన్ ట్యాంకుకు వెనక్కి పంపే పంపును మరికాస్త ఎక్కువసేపు నడపాలి.

ముగ్గులు చూడటానికి వచ్చిన ఆడవాళ్లు ఆ అరగంటా బల్లల దగ్గరే నిలబడిపోయారు. ఏ జాడీ ఏ అపార్ట్‌మెంటుదో రాయలేదు. అయినా నల్ల జాడీ ఎవరిదో వాళ్లకు తెలిసింది, మర్నాడే మరమ్మతుకు మనిషిని పిలిపించారు. కార్యవర్గం కోరుకున్నది ఇదే.

నల్ల జాడీకి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, కరెంటు బిల్లు తగ్గించడానికి రాత్రిపూట బ్లోయర్ ఆపేయడం. ట్యాంకు నీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి. గాలి ఆగిన కొన్ని గంటలకే ఆ బ్యాక్టీరియా నీరసిస్తుంది, తిరిగి కోలుకోవడానికి రోజులు పడుతుంది. రెండో కారణం బాత్‌రూముల్లో పోసే యాసిడ్, బ్లీచింగ్. మూడోది వంటింటి నూనె. ఇంకో పొరపాటు చాలాచోట్ల కనిపించింది. క్లోరిన్ ద్రావణాన్ని కార్బన్ ఫిల్టరుకు ముందు మాత్రమే కలుపుతున్నారు. కార్బన్ ఆ క్లోరిన్‌ను పట్టేసుకుంటుంది, శుద్ధి అయిన నీరు ఫ్లష్ ట్యాంకుకు చేరేసరికి ఏమీ మిగలదు, అందుకే వాసన. ఫిల్టర్ల తర్వాత కూడా కొంచెం కలపాలి.

ఇక చట్టం సంగతి. 1974 నీటి చట్టం 25వ సెక్షన్ ప్రకారం మురుగు వదిలే ప్రతి సంస్థా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలి. అనుమతి పత్రాన్ని ఫ్రేము కట్టి ఆఫీసులో తగిలించారు తప్ప అందులోని షరతులు చదివినవాళ్లు తక్కువ. బీవోడీ (నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి పట్టే ఆక్సిజన్ కొలత) ఎంత ఉండాలి, ఎన్నాళ్లకోసారి గుర్తింపు పొందిన ల్యాబులో పరీక్ష చేయించాలి, అన్నీ అందులోనే ఉంటాయి. ఎస్టీపీకి విడిగా కరెంటు మీటరు, లోపలికీ బయటికీ ఫ్లో మీటర్లు పెట్టి రోజూ రిజిస్టరులో రాయండి. నీరు అంతే వచ్చి కరెంటు యూనిట్లు తగ్గితే ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు.

ఈ చట్టానికి 2024లో వచ్చిన సవరణ గురించి చాలామంది అడిగారు. నీటిలోకి కాలుష్యం వదిలితే ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల జైలు ఉండేది. సవరణలో దాన్ని తీసేసి 10,000 రూపాయల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టారు. ఆ సవరణ మొదట హిమాచల్‌ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకే వర్తించింది. మిగతా రాష్ట్రాలు శాసనసభ తీర్మానంతో స్వీకరించాలి. జైలు భయం పోయినచోట జరిమానా అయినా వెంటనే పడాలి. లేకపోతే ట్యాంకర్‌తో మురుగు తెచ్చి రాత్రివేళ కాలువలో వదిలేవాడికి అదొక ఖర్చు పద్దుగా మిగులుతుంది.

మన వీధి చివర రాజకాలువలోకి నేరుగా తెరిచిన గొట్టం మీద మూడుసార్లు అర్జీ ఇచ్చాం. ఒక కార్యాలయం ఇంకో కార్యాలయం పేరు చెప్పింది, ఆ రెండోది మళ్లీ మొదటిదాని పేరే చెప్పింది. తనిఖీకి వస్తామన్న రోజు ఎవరూ రాలేదు. సభ్యులు సీసాల్లో పట్టిచ్చిన నీరు ఫిర్యాదుకు ఆసరా అవుతుంది గానీ చట్టం ముందు నిలవదు. నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అధికారే నోటీసిచ్చి నమూనా తీసి, రెండు భాగాలు చేసి, సీలు వేసి ల్యాబుకు పంపాలి. అందుకే తేదీ, వేళతో ఫోటోలు తీసి, నమూనా తీయమని రాతపూర్వకంగా అడగండి. రసీదు సంఖ్య తప్పక తీసుకోండి.

సేవకు పేరిచ్చిన సభ్యుల్లో చాలామంది ఒక్కసారి కూడా రాలేదు. కాలువ గట్టు పరిశీలనకు ప్రతి నెలా అదే నలుగురు వచ్చారు. ఫోన్ చేస్తే వస్తామని చెప్పి రాకపోవడం కన్నా రామని చెబితే మాకు మేలు. ఈ మాట కోపంతో కాదు, అలసటతో రాస్తున్నాను.

వినాయక చవితికి మట్టి విగ్రహాలే పెట్టించి, బకెట్లలో నిమజ్జనం చేయించాం. పత్రి ఎరువుకు వెళ్లింది. ఇంకుడు బావులు తవ్విన వడ్డెర సోదరులకు ప్రత్యేక కృతజ్ఞతలు. అడుగు సిమెంటు చేయకుండా, సిమెంటు వరల మధ్య సందులు వదిలి దించడం ఎందుకో పిల్లలకు వాళ్లే తెలుగులో వివరించారు. ఎస్టీపీ ఆపరేటర్లకు, జాడీలు ఇచ్చిన ల్యాబువారికి, హాలు అద్దె తీసుకోని కన్నడ మిత్రులకు, పులిహోర చేసిన మహిళా విభాగానికి, షామియానా వేసిన కుర్రాళ్లకు, ఎండలో నిలబడిన పెద్దలందరికీ నమస్కారాలు. ఆపరేటర్ల విషయంలో ఒక్క మాట. రక్షణ సామగ్రి లేకుండా వాళ్లను మురుగు ట్యాంకులోకి దించడం, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. విషవాయువు కంటికి కనబడదు. ఎవరైనా దిగమంటే సభ్యులే ఆపాలి.

ఆడిటరు సంతకం చేసిన లెక్కలు జతపరిచాం. చందా బాకీలున్నవారు ఈ సమావేశంలోనే చెల్లించాలి.

కొలజాడీలు సంఘం గదిలో పై అరలో ఉన్నాయి. రిజిస్టరులో సంతకం చేసి తీసుకెళ్లండి, సబ్బు వాడకుండా కడిగి తిరిగివ్వండి.

కార్యదర్శి