డిక్రీ ఒక్కటే ఉంటే చాలదు

ఎడిటర్ గారికి,

అమెరికాలో మనవాళ్ల విడాకుల గురించి గుసగుసలాడని ఇల్లు లేదు గానీ, ఆ తర్వాత వచ్చే ట్యాక్స్ తలనొప్పి గురించి ఎవరూ నోరు విప్పరు. నాకు తగిలింది కాబట్టి రాస్తున్నాను.

సరి సంవత్సరాల్లో పాపను నేను, బేసి సంవత్సరాల్లో వాళ్లమ్మ క్లెయిమ్ చేసుకోవాలని, అంటే ట్యాక్స్ రిటర్న్‌లో తమమీద ఆధారపడిన బిడ్డగా చూపించి పన్ను తగ్గించుకోవాలని, మా విడాకుల డిక్రీలో (కోర్టు తీర్పులో) స్పష్టంగా ఉంది. పాప ఖర్చులకి నేనివ్వాల్సిన చైల్డ్ సపోర్ట్ ఒక్క నెల కూడా ఆపలేదు. ఆ ధీమాతోనే 2024 రిటర్న్‌లో పాపను చూపించాను. ఆమె కూడా చూపించింది! ఇద్దరికీ నోటీసులొచ్చాయి, చివరికి 2,000 డాలర్లు వడ్డీతో సహా వెనక్కి కట్టింది నేనే. రిటర్న్ చేసిపెట్టినాయన్ని అడిగితే, "డిక్రీ ఉంది కదా సార్ అనుకున్నాను" అన్నాడు.

2008 తర్వాత వచ్చిన విడాకుల తీర్పుల్లో ఏం రాసున్నా ఐఆర్‌ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) అది సరిపోదు. డబ్బు ఎవరు కట్టారన్నది కాదు, ఏడాదిలో బిడ్డ ఎక్కువ రాత్రులు ఎవరి దగ్గర ఉందన్నదే దానికి లెక్క. రాత్రులు సమానమైతే ఆదాయం ఎక్కువున్నవాళ్లకి. (365 రాత్రుల్ని సమానంగా ఎలా పంచుతారో గానీ, 2024 లాంటి లీపు సంవత్సరమైతే 183 చొప్పున సరిపోతుంది.) రెండోవాళ్లు క్లెయిమ్ చేయాలంటే, ఆ ఎక్కువ రాత్రులున్న తల్లో తండ్రో ఆ క్లెయిమ్ వదులుకుంటున్నానని ఫారం 8332 మీద సంతకం పెట్టివ్వాలి, దాన్ని రిటర్న్‌కి జతచేయాలి. విడాకులు రాకపోయినా, ఏడాదిలో చివరి ఆరు నెలలూ విడిగా ఉన్నవాళ్లకీ ఇదే పద్ధతి.

ఈ సంతకం పెట్టడానికి చాలామంది భయపడేది, పెడితే మొత్తం పోతుందని. అలా ఏం కాదు. ఆ ఫారంతో చేతులు మారేది చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ (బిడ్డ ఉన్నందుకు పన్నులో ఇచ్చే తగ్గింపు), అంటే 2025కి గరిష్ఠంగా 2,200 డాలర్లు, బిడ్డకి ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) లేకుండా, అది రానివాళ్లకి పన్ను కోసం ఇచ్చే ఐటిన్ నంబర్ మాత్రమే ఉంటే 500. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ (ఒంటరిగా బిడ్డతో ఇల్లు నడిపేవాళ్ల ఫైలింగ్ హోదా), డేకేర్ క్రెడిట్, ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్ (తక్కువ సంపాదన ఉన్నవాళ్లకిచ్చేది) లాంటివి, వాటికి అర్హత ఉంటే, బిడ్డ ఎవరి దగ్గరుంటే వాళ్లకే ఉంటాయి. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌కి 2025లో స్టాండర్డ్ డిడక్షనే (పన్ను పడని ఆదాయం) 23,625 డాలర్లు, సింగిల్‌కేమో 15,750. ఈ సంగతి మా ఇద్దరికీ ముందే తెలిసుంటే అన్ని ఫోన్లు, అంత టెన్షన్ ఉండేది కాదు, అందులో ఆమె తప్పు ఎంతో నాదీ అంతే.

లాయర్లు డిక్రీ రాసేరోజే ఈ ఫారం కూడా ముందుపెట్టి సంతకాలు చేయించాలి. తర్వాత అవతలివాళ్లు పెట్టనంటే ఐఆర్‌ఎస్ మధ్యలోకి రాదు, మళ్లీ ఫ్యామిలీ కోర్టుకే వెళ్లాలి, అక్కడ లాయర్ ఫీజే క్రెడిట్‌ని మింగేస్తుంది.

2026 వంతు నాది. ఫారం నింపి ఆమెకు పంపాను, సంతకం ఇంకా రాలేదు.

ఒక పాఠకుడు,
న్యూజెర్సీ