ఐదో సింఫనీలో ట్రాంబోన్లు ఏవి?

విషయం: సీజన్ టికెట్ కచేరీల్లో చెప్పకుండా వాయిద్యాలు తగ్గించడం, హాల్ సిబ్బంది పొరపాట్లు, మూడో కచేరీ డబ్బు వాపసు

కచేరీ హాల్ నిర్వాహకులకు,

నమస్కారం. ఈ సీజన్‌లో మీరు పెట్టిన ఐదు ఆర్కెస్ట్రా కచేరీలకూ కలిపి టికెట్ కొన్నవాళ్లలో నేనొకణ్ణి. నాలుగు అయిపోయాయి. మొదటి రెండూ చాలా బాగున్నాయి, వాటి గురించి ఒక్క మాట కూడా అనను. గొడవ మూడోదానితో మొదలైంది.

ఆ సాయంత్రం ముఖ్యమైన కృతి బీథోవెన్ ఐదో సింఫనీ. పూర్తి స్థాయి సింఫనీ ఆర్కెస్ట్రా వాయిస్తుందని మీ బ్రోషర్‌లో రాశారు. సీట్లో కూర్చుని వేదిక వైపు చూడగానే నాకు అనుమానం వచ్చింది. ట్రాంబోన్ అనే పొడవాటి ఇత్తడి ఊదే వాయిద్యం వాయించేవాళ్ల మూడు కుర్చీలు లేవు. ఆ చోట ఒక కీబోర్డు, దాని వెనక ఒక స్పీకర్ ఉన్నాయి.

నాలుగు భాగాల ఈ సింఫనీలో మూడు ట్రాంబోన్లు, పికోలో అనే చిన్న ఫ్లూటు, కంట్రాబసూన్ అనే బాగా మంద్రంగా పలికే ఊదే వాయిద్యం మొదటి మూడు భాగాల్లో ఒక్క స్వరం కూడా వాయించవు. 20 నిమిషాలకు పైగా ఆ ఐదుగురూ ఊరికే కూర్చుంటారు. లెక్కలు చూసేవాళ్లకి అది దండగ ఖర్చులా కనిపిస్తుందని నాకూ తెలుసు. కానీ బీథోవెన్ వాళ్లను దాచి ఉంచిందే నాలుగో భాగం కోసం. సి మైనర్ అనే దిగులు ఛాయలో నలిగిన సంగీతం సి మేజర్ వెలుగులోకి ఒక్కసారిగా తెరుచుకుంటుంది. అప్పటిదాకా హాల్లో వినపడని ట్రాంబోన్ల ఇత్తడి ధ్వని సరిగ్గా అక్కడే లేస్తుంది. 1808లో ఇది మొదటిసారి వినిపించినప్పటి నుంచీ జనం ఆ క్షణం కోసమే కాచుకుని కూర్చుంటున్నారు. మీ హాల్లో ఆ క్షణానికి కుడివైపు స్పీకర్ ఒకటి మోగింది. ఊపిరితో పలికే వాయిద్యానికి, మీట నొక్కితే వచ్చే శబ్దానికి తేడా తెలియాలంటే సంగీతం చదువుకోనక్కర్లేదు. నా పక్కన కూర్చున్నావిడ మొదటిసారి ఆర్కెస్ట్రా వినడానికి వచ్చారట. ఆ శబ్దం వినగానే ఆవిడ కూడా స్పీకర్ వైపు తల తిప్పారు.

ఇది చాలదన్నట్టు ఇంకొకటి జరిగింది. ఆలస్యంగా వచ్చినవాళ్లను భాగానికీ భాగానికీ మధ్య ఖాళీలో లోపలికి పంపాలన్నది మీ నియమం. మంచిదే. కానీ ఐదో సింఫనీలో మూడో భాగానికీ నాలుగో భాగానికీ మధ్య ఖాళీ లేదు. వాయిద్యాలన్నీ దాదాపు ఆగిపోయి, తీగ వాయిద్యాలు ఒక స్వరాన్ని సన్నగా పట్టుకుంటే, టింపానీ అనే పెద్ద ఢంకా గుండె కొట్టుకున్నట్టు మెల్లగా మోగుతుంది. అక్కడి నుంచే చివరి భాగం పుడుతుంది. ఆ నెమ్మది చూసి భాగం అయిపోయిందనుకున్నారేమో, మీ సిబ్బంది తలుపు తీసి పది పన్నెండు మందిని టార్చి లైటుతో సహా లోపలికి పంపారు. వాళ్ల తప్పు లేదు. ఎక్కడ తలుపు తియ్యాలో, ఎక్కడ తియ్యకూడదో ముందుగా వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

మర్నాడు మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, కళాకారుల అందుబాటును బట్టి మార్పులు జరగవచ్చని షరతుల్లో ఉందన్నారు. సోలో వాయించేవారికి జ్వరం వస్తే ఆ షరతు వర్తిస్తుంది, ఒప్పుకుంటాను. ముగ్గురు ట్రాంబోన్ వాళ్లు ఒకేసారి అందుబాటులో లేకపోవడం, ఆ చోటికి ముందే కీబోర్డు సిద్ధంగా ఉండటం అందుబాటు సమస్య కాదు, నిర్ణయం. అది తీసుకున్నప్పుడే టికెట్ కొన్నవాళ్లకి ఒక మెసేజ్ పెట్టి ఉండాల్సింది. మొదటి కచేరీలో ఇదే హాల్లో ద్వోర్షాక్ తొమ్మిదో సింఫనీ వాయించారు. అందులో ట్యూబా అనే పెద్ద ఇత్తడి ఊదే వాయిద్యానికి రెండో భాగంలో మాత్రమే కొద్ది స్వరాలు ఉంటాయి. ఆ కొద్ది స్వరాల కోసం ఒకాయన ట్యూబా పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా కూర్చున్నారు. అది చూసే మీ మీద నమ్మకం కుదిరింది.

నాలుగో కచేరీ గురించి క్లుప్తంగా చెబుతాను. చైకోవ్‌స్కీ ఆరో సింఫనీలో మూడో భాగం అట్టహాసంగా ముగుస్తుంది. అక్కడ చాలామంది చప్పట్లు కొట్టారు. అది తప్పని నేను అనను. మొజార్ట్ కాలంలో భాగం మధ్యలోనే కొట్టేవారు, ఆయన సంతోషించేవాడు కూడా. నా ఫిర్యాదు చివరి భాగం గురించి. చెల్లోలు, డబుల్ బేస్‌లు అనే మంద్ర స్వరాల తీగ వాయిద్యాలు వినీ వినపడనంతగా తగ్గిపోతూ ఆ సింఫనీ ముగుస్తుంది. కండక్టర్ చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. అప్పుడే హాల్ లైట్లన్నీ వెలిగించి, వచ్చే సీజన్ టికెట్ల ప్రకటన మైకులో మొదలుపెట్టారు. ఆయన వెనక్కి తిరిగి చూసిన చూపు మీ సిబ్బంది గమనించారో లేదో!

మూడో కచేరీ వాటా డబ్బు నాకు వాపసు ఇవ్వండి. నాలుగోదానికి అడగను, అక్కడ వాయించినవాళ్ల లోపం ఏమీ లేదు. తలుపులు ఎప్పుడు తియ్యాలో, లైట్లు ఎప్పుడు వెయ్యాలో ప్రతి కచేరీకి ముందు కండక్టర్‌ని అడిగి ఒక కాగితం మీద రాసి సిబ్బందికి ఇవ్వండి. దీనికి పైసా ఖర్చవదు.

ఇంకొక అత్యవసరమైన ప్రశ్న. వచ్చే నెల చివరి కచేరీలో బ్రామ్స్ ఒకటో సింఫనీ ఉంది. అందులో కూడా మూడు ట్రాంబోన్లు నాలుగో భాగం వచ్చేదాకా నోరు విప్పవు. వాటిని మనుషులే వాయిస్తారా, మళ్లీ కీబోర్డేనా? కచేరీకి కనీసం వారం ముందు రాతపూర్వకంగా చెప్పండి. కీబోర్డే అయితే ఆ టికెట్ డబ్బు కూడా ఇప్పుడే వెనక్కి ఇచ్చెయ్యండి, సీటు ఇంకెవరికైనా అమ్ముకోవచ్చు.

ఇట్లు,
మీ సీజన్ టికెట్ శ్రోత