సూపర్ మాక్రో 1 సెంటీమీటర్ అని అమ్మిన మీ కెమెరా గురించి ఫిర్యాదు

కస్టమర్ కేర్ వారికి,

నమస్కారం అండి. మీ కాంపాక్ట్ కెమెరా ఒకటి కొన్నాను, మోడల్ పేరు, సీరియల్ నంబర్, బిల్లు అన్నీ ఈ మెయిల్ కి జత చేశాను. కెమెరా పాడవ్వలేదు, మామూలు ఫోటోలు బాగానే తీస్తోంది, కాబట్టి దయచేసి రీసెట్ చెయ్యండి, సర్వీస్ సెంటర్ కి తీసుకెళ్ళండి అని మళ్ళీ అదే రిప్లై పంపకండి. చేపలు పట్టే ఫ్లైల ఫోటోలు తియ్యడానికి కొంటున్నానని ముందే మీ సేల్స్ చాట్ లో వివరంగా చెప్పి, ఫ్లై కట్టే హుక్ సైజు కూడా రాసి, ఇది ఫ్రేమ్ నిండా వస్తుందా అని అడిగాను. "వస్తుంది, ఇందులో సూపర్ మాక్రో ఉంది, 1 సెంటీమీటర్ దాకా ఫోకస్ అవుతుంది" అని మీ వాళ్ళు చెప్పాకే కొన్నాను. మాక్రో అంటే చిన్న వస్తువుని బాగా దగ్గర్నుంచి పెద్దగా తీసే మోడ్. ఆ చాట్ కాపీ కూడా పెట్టాను. ఆ పని ఈ కెమెరాతో అవ్వట్లేదు.

పని ఏంటంటే, నేను చేపలు పట్టే ఫ్లైలు చేత్తో కడతాను. ఈ మెయిల్ చదివేవాళ్ళకి వీటి గురించి తెలియకపోవచ్చు, అందుకే చెప్తున్నా, చిన్న గాలం హుక్ మీద దారంతో ఈకలు, బొచ్చు, సన్నటి తీగ చుట్టి నీళ్ళ మీద వాలే పురుగులా తయారుచేస్తాం, చేప అది నిజం పురుగే అనుకుని నోట పట్టాలి. హుక్ నంబర్ పెరిగేకొద్దీ హుక్ చిన్నదవుతుంది, నేను ఎక్కువగా కట్టేది 16, 18 సైజులు, ఫ్లై మొత్తం కలిపి ఒక సెంటీమీటర్ కూడా ఉండదు. ఫోటోలు తీసేది అందం కోసం ఒక్కటే కాదు, నా దగ్గర నేర్చుకునేవాళ్ళు ఆ ఫోటో చూసే కడతారు. హ్యాకిల్ ఈక (పురుగు కాళ్ళలా పోగులు నిలబడేలా హుక్ కి చుట్టేది) ఎన్ని చుట్లు తిరిగింది, తోక హుక్ తో పోలిస్తే ఎంత పొడవుంది, తల దగ్గర దారం ఎంత చిన్నగా ముగిసింది, ఇవన్నీ లెక్కపెట్టుకునేలా కనబడాలి. 1922లో మిషిగన్ లో లెన్ హాలడే మొదట కట్టిన ఆడమ్స్ ఫ్లైనే తీసుకోండి, అందులో బ్రౌన్ ఈక, నలుపు తెలుపు చారల గ్రిజ్లీ ఈక రెండూ కలిపి చుడతారు, ఫోటోలో ఆ రెండూ కలిసిపోయి బూడిదరంగు మచ్చలా వస్తే అది చూసి ఎవరైనా ఏం నేర్చుకుంటారు? ఇంగ్లండ్ లో ఫ్రాంక్ సాయర్ తయారుచేసిన ఫెజెంట్ టెయిల్ నింఫ్ (నీళ్ళ లోపల ఉండే పిల్లపురుగులా కట్టే ఫ్లై) అయితే ఆయన పద్ధతిలో అసలు దారమే వాడరు, ఈక పోగుల్ని సన్నటి రాగి తీగతోనే కట్టేస్తారు, మరి ఆ తీగ చుట్లు కనబడకపోతే ఆ ఫోటో తీసీ లాభం లేదు.

ఇప్పుడు మీ 1 సెంటీమీటర్ సంగతి. బాక్స్ మీద అంత పెద్ద అక్షరాలతో రాశారు గానీ అది జూమ్ అస్సలు చెయ్యకుండా పూర్తి వైడ్ లో ఉన్నప్పుడు మాత్రమే అని బాక్స్ మీద ఎక్కడా లేదు, మాన్యువల్ లో చివరెక్కడో టేబుల్ లో ఉంది. వైడ్ లో పెట్టి లెన్స్ ని ఫ్లైకి సెంటీమీటర్ దూరంలోకి తెస్తే లెన్స్ నీడ సరిగ్గా ఫ్లై మీదే పడుతుంది, లైట్ పక్కనుంచి పెట్టినా పైనుంచి పెట్టినా ఆ సందులోకి వెళ్ళదు, కెమెరాలోని ఫ్లాష్ వేస్తే లెన్స్ గొట్టమే అడ్డం. పైగా అంత దగ్గర్నుంచి తీస్తే కెమెరా వైపున్న హ్యాకిల్ పోగులు ఉబ్బి, అవతలివి కుంచించుకుపోయి ఫ్లై ఆకారమే మారిపోతోంది. నేను సరిగ్గా కట్టిన ఫ్లై ఫోటోలో తప్పుగా కట్టినట్టు కనబడుతోంది, అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇదే. ఒక ఫ్లై మీద ఎంత ఓపిక పెడతామో కట్టినవాళ్ళకే తెలుస్తుంది.

సరే అని వెనక్కి జరిగి జూమ్ చేశాను. పూర్తి జూమ్ లో 30 సెంటీమీటర్ల కంటే దగ్గరికి ఫోకస్ అవ్వదు, అక్కడ ఒక స్కేల్ పెట్టి చూస్తే ఫ్రేమ్ వెడల్పు 9 సెంటీమీటర్లు వచ్చింది. మీ కెమెరా 20 మెగాపిక్సెల్స్, ఫోటో వెడల్పు 5184 పిక్సెల్స్, అందులో 8 మిల్లీమీటర్ల నా ఫ్లైకి వచ్చేది 460 మాత్రమే, మిగతాదంతా ఖాళీ బ్యాక్ గ్రౌండ్. దీనికి మీ సపోర్ట్ వాళ్ళు డిజిటల్ జూమ్ వాడమన్నారు. డిజిటల్ జూమ్ అంటే ఉన్న పిక్సెల్స్ నే కత్తిరించి సాగదియ్యడం, అందులో కొత్త వివరం ఒక్క పోగు కూడా రాదు, కెమెరా కంపెనీ వాళ్ళకి ఇది నేను చెప్పాలా. తర్వాత ఇంకొకళ్ళు కెమెరా లెన్స్ ముందు క్లోజప్ లెన్స్ (దగ్గరి వస్తువుని పెద్దగా చూపే అద్దం) బిగించుకోమన్నారు. బిగించడానికి మీ లెన్స్ కి ఫిల్టర్ మర ఎక్కడుందండీ?

ఇంకోటి, మాక్రో మోడ్ లోకి వెళ్ళగానే సెట్టింగులన్నీ లాక్ అయిపోతున్నాయి. అపర్చర్ (లెన్స్ లో వెలుతురు వచ్చే రంధ్రం) మార్చలేను, మాన్యువల్ ఫోకస్ లేదు, ఎక్స్ పోజర్ (ఫోటో ఎంత వెలుగ్గా రావాలో) పెంచలేను, రెండు సెకన్ల టైమర్ కూడా పనిచెయ్యదు. దగ్గర ఫోటోల్లో ఫోకస్ లో ఉండే మందం చాలా తక్కువ, పెద్ద సెన్సర్ (ఫోటో పడే చిప్) ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 1:1 దగ్గర, అంటే వస్తువు అసలు సైజులోనే సెన్సర్ మీద పడేటప్పుడు, అపర్చర్ ని చిన్నది చేసి ఎఫ్/8 పెట్టినా దాదాపు ఒక మిల్లీమీటరే వస్తుంది. అదే ఫ్రేమింగ్, అదే ఎఫ్ నంబర్ ఉంటే చిన్న సెన్సర్ కి ఆ మందం ఎక్కువ వస్తుంది, కాంపాక్ట్ కెమెరా కొనడానికి నాకున్న మంచి కారణం అదే, ఆ ఒక్క లాభాన్నీ మీరు అపర్చర్ పూర్తిగా తెరిచి లాక్ చేసి పోగొట్టారు. ఆటోఫోకస్ సన్నటి పోగుల మీద నిలవట్లేదు, ముందుకీ వెనక్కీ వెతుక్కుని చివరికి వెనకున్న కార్డు మీద ఆగుతుంది. వెనక లేతరంగు కార్డు పెడితే కెమెరా దాన్ని మధ్యస్థ బూడిదరంగుకి లాగుతుంది, ఫ్లై నల్లగా అయిపోతుంది, ఎక్స్ పోజర్ కొంచెం పెంచితే సరిపోయేది, అది పెంచే వీల్లేదు. ట్రైపాడ్ మీద పెట్టినా బటన్ నొక్కిన అదురుకి ఫోటో చెదురుతోంది, అందుకే టైమర్ అడిగేది.

ఇంత చిన్న కెమెరాలో మాక్రో లెన్స్ అంత పని చెయ్యమని నేను అడగట్లేదు. లెన్స్ మార్చే కెమెరాల మాక్రో లెన్సుల మీద 1:1 అని రాస్తారు, అది చూస్తే కొనేవాడికి లెక్క తెలిసిపోతుంది, ఏపీఎస్-సీ అనే రకం సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు అయితే నా ఫ్లై అందులో మూడో వంతు వస్తుంది, ఇంకా చిన్నదైన మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సర్ లో 17.3 కాబట్టి దాదాపు సగం. 100 ఎంఎం మాక్రో లెన్స్ అయితే 1:1 లో కూడా లెన్స్ ముందు ఓ 13, 15 సెంటీమీటర్ల ఖాళీ ఉంటుంది, లైట్ పెట్టుకోవచ్చు. మీరు రాసిన 1 సెంటీమీటర్ లో ఈ రెండు సంగతులూ లేవు, ఎంత వెడల్పు ఫ్రేమ్ లో పడుతుందో లేదు, వెలుతురు వెళ్ళే చోటుందో లేదో లేదు. ఎంత దగ్గరికి పోవచ్చో చెప్పి ఎంత పెద్దగా వస్తుందో చెప్పకపోతే నాణేలు, స్టాంపులు, నగలు, పురుగులు ఏవి తీసేవాళ్ళైనా నాలాగే మోసపోతారు. మోసం అనే మాట కావాలనే వాడుతున్నా, ఎందుకంటే నేను హుక్ సైజు చెప్పి అడిగాను.

నాకు కావాల్సింది ఇది. కెమెరా వెనక్కి తీసుకుని నేను కట్టిన మొత్తం డబ్బు, షిప్పింగ్ తో సహా ఇవ్వండి. "ప్రోడక్ట్ స్పెసిఫికేషన్ ప్రకారమే ఉంది కాబట్టి రిటర్న్ కుదరదు" అని పోయినసారి రాశారు, స్పెసిఫికేషన్ గురించి కాదు నా గొడవ, మీ సేల్స్ వాళ్ళు ఇచ్చిన మాట గురించి. బాక్స్ మీద, వెబ్ సైట్ లో మాక్రో దూరం పక్కనే అది వైడ్ లో మాత్రమే అని, అలాగే వైడ్ లోనూ పూర్తి జూమ్ లోనూ ఫ్రేమ్ లో పట్టే అతి చిన్న వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో రాయండి. ఒక స్కేల్ ని ఫోటో తీస్తే తెలిసిపోయే అంకె అది. ఇప్పటికే ఈ కెమెరా కొన్నవాళ్ళ కోసం ఫర్మ్ వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్ వేర్) అప్ డేట్ లో మాక్రో మోడ్ లో అపర్చర్, ఎక్స్ పోజర్, టైమర్ లాక్ తీసెయ్యండి, ఈ మూడూ మామూలు మోడ్ లో పనిచేస్తూనే ఉన్నాయి కదా.

స్కేల్ పెట్టి తీసిన ఫోటోలు, అదే ఫ్లైని వైడ్ లోనూ జూమ్ లోనూ తీసినవి, ఎడిట్ చెయ్యకుండా జత చేశాను. ఈసారి ఆటోమేటిక్ రిప్లై కాకుండా ఆ ఫోటోలు చూసినవాళ్ళు జవాబివ్వాలి. కెమెరా, బ్యాటరీ, చార్జర్, బాక్స్ అన్నీ వచ్చినట్టే ఉన్నాయి, రిటర్న్ లేబుల్ పంపితే వెంటనే ప్యాక్ చేసి ఇచ్చేస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్