లండన్ వెళ్లాక ‘వుడ్‌బీ’ అనకు

ఒరే నేస్తం,

బాగున్నావేటి? నిశ్చితార్థం ఫొటోలు చూశాం. అమ్మ అయితే అమ్మాయి ముఖం జూమ్ చేసి చేసి చూసి, “లక్ష్మీకళ ఉట్టిపడుతోందిరా” అంది.

లండన్ ఆఫీసువాళ్లకు రాసిన మెయిల్ చూడమన్నావు కదా. ముందు “మై వుడ్‌బీ” తీసెయ్. మన శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో ఎవరికి చెప్పినా కాబోయే పెళ్లికూతురని తెలిసిపోతుంది. అక్కడ మాత్రం వుడ్‌బీ రైటర్ అంటే రచయిత కావాలని ఆశపడుతూ ఇంకా కానివాడు. పెళ్లి ఖాయమైన పిల్లను అలా అనడానికి నాకు మనసొప్పదు. ఫియాన్సే అని రాయి, ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. అమ్మాయి అయితే స్పెల్లింగ్ చివర రెండు ‘ఈ’లు, అబ్బాయికి ఒకటే. పలకడంలో తేడా లేదు.

“మ్యారీయింగ్ విత్ హర్” వద్దు. “ఆమెతో పెళ్లి” అంటాం కాబట్టి మనకు ఆ విత్ వచ్చేస్తుంది. “మ్యారీయింగ్ హర్” చాలు. “గెటింగ్ మ్యారీడ్” అంటే మాత్రం పక్కన “టు” పెట్టాలి. కంపెనీలో చేరడానికీ “జాయిన్ ది కంపెనీ” చాలు, మధ్యలో ఇన్ అక్కర్లేదు.

తోడల్లుణ్ణి కో-బ్రదర్ అని రాశావు. అది మన దగ్గర చెల్లుతుంది గానీ వాళ్లకి అర్థం కాదు. బావ, మరిది, బావమరిది, తోడల్లుడు, వాళ్లకు అందరూ బ్రదర్-ఇన్-లాయే.

ఇంకోటి, ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. అక్కడ ఎవరైనా “మై పార్ట్‌నర్” అంటే వ్యాపారంలో వాటాదారు అనుకోకు. చాలాసార్లు కలిసి బతుకుతున్న మనిషి అని అర్థం. ఆడా మగా, పెళ్లయిందా లేదా అని ఆరా తీయకు. మన దగ్గర స్టేషన్‌కి ఆటో ఎక్కితే ఆమదాలవలస వచ్చేలోపు పక్కవాళ్ల పిల్లల సంబంధాల దాకా అడిగేస్తాం, వాళ్లూ సంతోషంగా చెబుతారు. అక్కడ వాళ్లంతట వాళ్లు చెబితే విను.

బస్సు డ్రైవరు “చీర్స్ మేట్” అంటే, ‘థాంక్స్ నేస్తం’ అన్నట్టే, నువ్వూ నవ్వుతూ చీర్స్ చెప్పు. మేట్ అంటే మొదట్లో కలిసి తినేవాడేనట. కంపానియన్ కూడా అంతే. లాటిన్‌లో ‘కమ్’ అంటే తోడుగా, ‘పానిస్’ అంటే రొట్టె. ఒకే రొట్టె పంచుకు తినేవాడన్నమాట. ఇంగ్లీషులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట ఇదే. హాస్టల్లో మీ అమ్మగారు పంపిన మాగాయన్నం ఒకే కేరేజీలో తిన్నవాళ్లం, మనకు వేరే వివరణ ఎందుకురా.

మెయిల్ సరిచేసి మళ్లీ పంపు, రాత్రికి చూస్తాను. ముహూర్తం పెట్టగానే చెప్పు, లీవు ముందే పెట్టుకోవాలి.

నీ నేస్తం