దుప్పుల లెక్క మమ్మల్నీ అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

అమ్రాబాద్ అడవిలో దుప్పులు తగ్గాయంటే చాలామంది ముందు పులిని, తర్వాత మమ్మల్ని అంటారు. నేను చెంచును. మా నాయన విల్లు ఇంకా చూరులోనే ఉంది, నారి ఎప్పుడో తెగిపోయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది, సరే. పులి, రేసుకుక్క (అడవి కుక్క) మా తాతల నాటి నుంచీ ఉన్నవే. అప్పుడు దుప్పులూ ఉన్నాయి.

పోయిన ఎండాకాలం చెలమ దగ్గర ఒక చుక్కల దుప్పి చచ్చిపడి ఉంది. వెనక కాలికి బైకు క్లచ్ వైరుతో కట్టిన ఉచ్చు. తోలు కోసుకుని ఎముక దాకా దిగింది. గింజుకుని గింజుకుని చుట్టూ నేలంతా గుంట చేసింది. పులి క్లచ్ వైరు కడుతుందా?

శ్రీశైలం రోడ్డు పక్కన ప్రయాణికులు పడేసే బిర్యానీ పొట్లాలకు ఊరకుక్కలు మరిగాయి. అవే గుంపుగా దుప్పి పిల్లల్ని తరుముతున్నాయి. నేనే రెండుసార్లు చూశాను.

తేనె తెస్తుంటే మాత్రం ఫారెస్టు వాళ్లు నా సంచి విప్పి వెతుకుతారు, మాంసం ఉందేమోనని. మా నాయనైతే చూలు దుప్పి మీద బాణం వేసేవాడు కాదు. ఉచ్చులు ఏ జాడలో పెడతారో మాకు తెలుసు. వాటిని ఏరే పని మా కుర్రాళ్లకు ఇవ్వండి.

– ఒక చెంచు రైతు, అమ్రాబాద్ మండలం, నాగర్‌కర్నూల్ జిల్లా