1914-డి సెంటు పేరుతో అమ్మిన నకిలీ నాణెం గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ వారికి,

మొన్న ఫోన్‌లో మాట్లాడినావిడ తెలుగువారే కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను.

"1914-డి, ఒరిజినల్, గ్యారంటీ" అని పెట్టి మీరు అమ్మిన లింకన్ సెంటు (లింకన్ బొమ్మ ఉన్న అమెరికా నాణెం) 1914ది కాదు. డి అంటే డెన్వర్ టంకశాల గుర్తు. 1944లో ఆ టంకశాలలోనే కొట్టిన మామూలు సెంటు తీసుకుని, రెండు 4లలో మొదటిదాన్ని ఎవరో చెక్కి 1 చేశారు. లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూడండి, 9కీ 1కీ మధ్య ఎడం ఉండాల్సిన దానికంటే ఎక్కువ, ఆ 1 పక్కన సన్నటి గీతలు కూడా ఉన్నాయి. అది చాలదంటే లింకన్ భుజం కింద చూడండి, వి.డి.బి. అని బుల్లి అక్షరాలు కనిపిస్తాయి. అవి డిజైనర్ విక్టర్ డేవిడ్ బ్రెన్నర్ ఇనీషియల్స్. 1909లో వెనకవైపు వేసి, గొడవ కావడంతో ఆ ఏడాదే తీసేశారు, మళ్లీ భుజం మీద వేసింది 1918లో. మరి 1914 సెంటు మీదకి అవెలా వచ్చాయి?

దీనికి మీ నిపుణుడిచ్చిన జవాబు: బరువు 3.11 గ్రాములు సరిపోయింది, అయస్కాంతానికి అంటుకోలేదు, కాబట్టి ఒరిజినల్. అయ్యా, 1944 సెంటు బరువూ 3.11 గ్రాములే! అయస్కాంతానికి అంటుకునేవి 1943 నాటి స్టీలు సెంట్లు, ఆ సంగతి నాణేలు సేకరించే సరదా ఉన్న స్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఇలాంటి టెస్టులు చేసి గ్యారంటీ రాసిస్తున్నారా మీరు?

1914లో డెన్వర్ కొట్టినవి సుమారు 12 లక్షలు, 1944లో 43 కోట్ల పైమాటే. అందుకే మొదటిదానికి వందల డాలర్లు, రెండోదానికి చిల్లర. నా దగ్గర తీసుకున్నది మొదటిదాని రేటు.

మీరిస్తామంటున్న స్టోర్ క్రెడిట్ నాకొద్దు, నకిలీ అంటగట్టిన చోటే మళ్లీ ఏం కొనమంటారు? షిప్పింగ్‌తో సహా మొత్తం డబ్బు కార్డుకే వెనక్కి వేయండి. అదే వరుసలో మీరు పెట్టిన ఇంకో 1914-డి ఫొటోలోనూ 9 పక్కన అంతే ఎడం ఉంది, ముందు దాన్ని తీసేయండి. తేదీ మార్చిన నాణెం అని తెలిసీ అమ్మడం అమెరికాలో ఫెడరల్ నేరం, ఇకమీదట మాకు తెలియదనడానికి కుదరదు.

శుక్రవారం లోపు జవాబు రాకపోతే కార్డు కంపెనీలో డిస్‌ప్యూట్ వేస్తాను, క్లోజప్ ఫొటోలు సిద్ధంగా ఉన్నాయి. వాపసు పంపడానికి లేబుల్ మీరే పంపాలి, ఆ ఖర్చు నేను పెట్టుకోను.

ఇట్లు,
మీ కస్టమర్