సెలవుల గురించి ఒక మాట

చిరంజీవి చిన్నమ్మాయిని నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమంగా ఉన్నాము. నీ క్షేమ సమాచారాలు వివరంగా తెలిసి చాలా రోజులైంది. ఫోనులో నువ్వు పంపే రెండేసి ముక్కల సందేశాలు అమ్మకు చాలడం లేదు. "బాగున్నాను, పనిలో ఉన్నాను" అన్నంత మాత్రాన కబురు అందినట్టు కాదని ఆమె అంటున్నది, ఈ విషయంలో నేనూ ఆమె పక్షమే. పరీక్షలు దగ్గరపడుతున్నాయని, గ్లోబల్ లెర్నింగ్ కోర్సు ప్రాజెక్టు గడువు కూడా ఆ వారంలోనే ఉన్నదని తెలుసు కనుక, వేళకాని వేళ ఫోన్ చేసి నిన్ను ఇబ్బంది పెట్టకుండా, తీరిక దొరికినప్పుడు చదువుకుంటావని ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రత్యేకించి విషయమేమీ లేదు.

మొన్న బుజ్జిగాడు వచ్చినప్పుడు మాటల్లో మాటగా, ఈ సెలవుల్లో నువ్వు ఇంటికి రావడం లేదని, వేరే దేశంలో ఏదో పిల్లల ఆశ్రమంలో రెండు వారాలు వాలంటీరుగా పనిచేయడానికి పేరు ఇచ్చావని, అందుకు ఒక సంస్థకు డబ్బు కూడా కట్టబోతున్నావని అన్నాడు. వాడు సగం విని, మిగతా సగం ఊహించుకుని చెబుతాడని మనకు తెలిసినదే కాబట్టి నేను పట్టించుకోలేదు. అమ్మ చెవిన కూడా వేయలేదు. అటువంటిది ఉంటే నువ్వే చెబుతావని నా నమ్మకం. కాబట్టి ఆ సంగతి అలా ఉంచుదాం.

నీ కోర్సు గురించి నువ్వు మొదటి సెమిస్టరులో రాసిన పెద్ద ఉత్తరం నా దగ్గర ఇంకా ఉన్నది. ఒకే పాఠాన్ని రెండు దేశాల విద్యార్థులు కలిసి ఆన్‌లైన్‌లో చదవడం, వాళ్లకు పగలైతే మీకు అర్ధరాత్రి కావడం, మీ జట్టు తాగునీటి సమస్య మీద పనిచేయడం అన్నీ అందులో రాశావు. ఇలా తరగతులను జతచేసి నడపడానికి న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం 2006లోనే ఒక కేంద్రాన్ని ఏర్పాటు చేసిందని కూడా నీ ఉత్తరం చదివిన తరువాతే నాకు తెలిసింది. ఆ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చినది మాత్రం వేరే ఉన్నది. మీరు చేతిపంపు నమూనా గీసి ఎంతో ఉత్సాహంగా చూపించినప్పుడు, అవతలి దేశపు అమ్మాయి ఒకతె అంతా విని, "ఇందులో వాషరు అరిగిపోతే మా ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగిందని, మీ జట్టులో ఎవరి దగ్గరా జవాబు లేకపోయిందని రాశావు చూడు, అది. ఆ ఒక్క ప్రశ్న కోసమే ఆ కోర్సు పెట్టినా దండగ కాదని నాకు అనిపించింది.

ఆ తరువాతే నువ్వు దక్షిణాఫ్రికా ప్రాంతపు పంపుల కథ చదివి నాకు చెప్పావు. పిల్లలు రంగులరాట్నం మీద ఆడుకుంటూ ఉంటే భూమిలోని నీళ్లు పైకి ఎక్కుతాయన్న ఆలోచన వినడానికి ఎంత ముచ్చటగా ఉన్నదో! దానికి 2006లో అమెరికాలో కోటి డాలర్లకు పైగా విరాళాలు ప్రకటించారు. తీరా చూస్తే పిల్లలు ఆడని వేళల్లో ఆడవాళ్లే ఆ చక్రాన్ని తోసి తిప్పుకోవలసి వచ్చింది, చెడిపోతే బాగుచేసే దిక్కు దొరకలేదు, మరి నాలుగేళ్లకు ఆ కార్యక్రమం ఆగిపోయింది. "చేతిపంపు ఉన్న చోట దాన్ని పీకేసి ఇది పెట్టారు నాన్నా" అని నువ్వు ఫోనులో బాధపడ్డావు. సాయం తీసుకునేవాళ్లను అడగకుండా సాయం చేస్తే ఏమవుతుందో అంత బాగా తెలుసుకున్నదానివి, రెండు వారాల కోసం పిల్లల దగ్గరికి వెళతావంటే నాకు ఎలా నమ్మబుద్ధి అవుతుంది? బుజ్జిగాడు పొరబడి ఉంటాడు.

ఆశ్రమం అన్న మాట వచ్చింది కనుక మీ పెద్దత్తయ్య గుర్తుకు వచ్చింది. ఆమె పిల్లల ఆశ్రమంలో పనిచేసిన రోజులు నువ్వు పుట్టకముందువి, ఆ కబుర్లు అక్క విన్నంతగా నువ్వు వినలేదు. సెలవులు వచ్చాయంటే ఆ ఆశ్రమానికి కాలేజీ విద్యార్థులు జట్లుజట్లుగా వచ్చేవారట. అందరూ మంచి పిల్లలే. బొమ్మలు, రంగు పెన్సిళ్లు చేతినిండా తెచ్చేవారు. ఆశ్రమంలో ఆరేడేళ్ల కుర్రవాడు ఒకడు ఉండేవాడు. గుమ్మంలో కొత్తవాళ్లు ఎవరు అడుగుపెట్టినా వాడు పేరు అడిగేవాడు కాదు, "ఎన్ని రోజులుంటారు?" అని అడిగేవాడు. వారమని చెబితే వేళ్లు మడిచి లెక్క చూసుకుని, సరేనన్నట్టు తల ఊపి, వాళ్ల ఒళ్లో ఎక్కి కూర్చునేవాడు. ఎంత తొందరగా చేరికయ్యాడో అని వాళ్లు మురిసిపోయి ఫోటోలు తీసుకునేవారు. వాళ్లు వెళ్లిపోయే రోజున వాడు ఏడ్చేవాడు కాదు. మొదట్లో ఏడ్చేవాడట, బండి వెనకాల పరుగెత్తేవాడట. తరువాత తరువాత బండి కదలకముందే లోపలికి వచ్చి, వాళ్లు ఇచ్చిన బొమ్మను పెట్టెలో మిగతా బొమ్మల మీద పడేసి, మంచం కిందికి దూరి, గోడకున్న సున్నాన్ని గోటితో గీకుతూ కూర్చునేవాడు. అరచేతి వెడల్పున సున్నం రాలిపోయి లోపలి ఇటుక బయటపడిందని, ఊడ్చేటప్పుడు ఆ సున్నపు పొడి ప్రతిసారీ కనబడేదని అత్తయ్య చెప్పేది.

అది చూసిన తరువాత ఆమె పట్టుబట్టి ఒక నియమం పెట్టించింది. కొద్ది రోజుల కోసం వచ్చేవాళ్లకు పిల్లలను అప్పగించకూడదు, దోమతెరలు కుట్టడం, సామాను గది సర్దడం, చినిగిన టీకాల కార్డులను కొత్త రిజిస్టరులోకి ఎక్కించడం వంటి పనులు ఇవ్వాలి. చాలామందికి కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చింది దోమతెరలు కుట్టడానికా అని కొందరు మరునాడే వెళ్లిపోయారు. ఒక అమ్మాయి మాత్రం కిక్కురుమనకుండా ఆ కార్డులు ముందేసుకుని కూర్చున్నది. సెలవులు అయిపోయినా, డిగ్రీ చదువుతున్నంత కాలం వారాంతాల్లో వచ్చేది. కుర్రవాడు ఆమెనూ అడిగాడు, ఎన్ని రోజులని. "ఈ కార్డులన్నీ అయ్యేవరకు" అన్నది. వాడు ఆ కట్టను చూసి, జవాబు అర్థంకానట్టు నిలబడ్డాడట. ఆ కార్డులు రాస్తూ రాస్తూ ఉండగా ఆ అమ్మాయి గమనించింది, చాలా కార్డుల్లో తల్లి పేరు గడి నిండి ఉన్నది, కొన్నింటిలో చిరునామా కూడా ఉన్నది. అత్తయ్యా ఆమే కలిసి ఒక్కొక్క చిరునామాకు ఉత్తరాలు రాశారు. కొన్ని తిరిగి వచ్చాయి, కొన్నింటికి జవాబు లేదు, కొన్నింటికి మనుషులే వచ్చారు. ఆ కుర్రవాడి తల్లి బ్రతికే ఉన్నది. తిండీ చదువూ దొరుకుతాయని ఎవరో చెబితే నమ్మి బిడ్డను అప్పగించింది, తిరిగి తీసుకుపోవచ్చునని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అధికారుల అనుమతులు రావడానికి ఏడాది పైగా పట్టింది గాని, వాడు ఇంటికి వెళ్లాడు. అత్తయ్య ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ అమ్మాయి చేతిరాత ఎంత గుండ్రంగా ఉండేదో కూడా చెబుతుంది.

అది ఒక ఆశ్రమంలో జరిగిన అరుదైన సంగతి కాదమ్మా. కంబోడియాలో 2005 నుంచి 2010 వరకు అయిదేళ్లలో అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది, వాటిలోని పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో ఉన్నారని యూనిసెఫ్ చెప్పింది. ఆ అయిదేళ్లలో అనాథలు అంతగా పెరగలేదు. ఆశ్రమాలను చూడవచ్చే విదేశీయులు, వాళ్లు ఇచ్చే డబ్బు పెరిగాయి, అందుకు తగ్గట్టుగా పేద ఇళ్ల నుంచి పిల్లలను తెచ్చి నింపారు. ఇలాంటి వాలంటీర్ కార్యక్రమాల వల్ల, ముఖ్యంగా పర్యాటకంతో ముడిపడినవాటి వల్ల, పిల్లలకు జరిగే హానిని అరికట్టాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2019 డిసెంబరులో తీర్మానించింది. నువ్వు చదివేదే మనస్తత్వశాస్త్రం, నీకు నేను చెప్పవలసినది లేదు. రుమేనియాలో 2000లో మొదలైన బుకారెస్ట్ అధ్యయనంలో 136 మంది పసిపిల్లలను గమనించి, ఆశ్రమాల్లోనే ఉండిపోయినవారి కంటే కుటుంబాల్లోకి వెళ్లినవారు మెరుగ్గా ఎదిగారని తేల్చిన సంగతి నీ పాఠ్యపుస్తకంలోనే ఉంటుంది. పసివాడికి రోజూ కనిపించే ఒకే ముఖం కావాలి. రెండు వారాలకు ఒక కొత్త ముఖం వచ్చి, ముద్దు చేసి, మాయమైపోతే వాడు మనుషులను నమ్మడం మానేస్తాడు.

అంతేకాదు, ఏ నేర చరిత్ర తనిఖీ లేకుండా, డబ్బు కట్టినవారినల్లా పిల్లల మధ్యకు పంపే సంస్థ రేపు నీ తరువాత ఎవరిని పంపుతుందో ఆలోచించు. నీ మీద నాకు అనుమానం లేదు. నిన్ను ఏమీ అడగకుండా లోపలికి రానిచ్చే తలుపు ఇంకెవరినీ అడగదు గదా అన్నదే నా భయం. కట్టే డబ్బులో ఆ ఊరికి చేరేది ఎంత, అక్కడ జీతానికి పనిచేసే స్థానిక ఆయాలు ఎందరు, నువ్వు వెళ్లడం వల్ల వాళ్లలో ఎవరి పని పోతుంది, నిన్ను రమ్మని అడిగింది ఆశ్రమమా, మధ్యలో ఉన్న సంస్థా అన్నవి అడిగి తెలుసుకోవాలి. పర్యాటక వీసా మీద వెళ్లి వాలంటీర్ పని చేయడం చాలా దేశాల్లో నిబంధనలకు విరుద్ధం, ఆ సంగతి ఆ సంస్థ చెప్పిందో లేదో చూడాలి. ఇన్ని ప్రశ్నలు రాసి ఉపదేశం చేస్తున్నానని అనుకోకు. తెలిసినదానివి, నీకు గుర్తుచేస్తున్నాను, అంతే.

నువ్వు దూరం వెళ్లడానికి మేము అడ్డం అని మాత్రం అనుకోవద్దు. వెళ్లాలనే నా కోరిక కూడా. 1961లో మొదలైన అమెరికా ప్రభుత్వపు వాలంటీర్ సంస్థ పీస్ కోర్‌లో చేరినవారు వెళ్లిన దేశంలో మూడు నెలలు ఆ భాష, ఆ పని నేర్చుకున్న తరువాతే రెండేళ్లు పనిచేస్తారు. ఐక్యరాజ్యసమితి 1970లో స్థాపించిన వాలంటీర్ల విభాగంలో 18 ఏళ్లు నిండిన యువతకు వేరే అవకాశాలు ఉన్నాయి, ఇంట్లో కూర్చుని అనువాదమో లెక్కలో చేసిపెట్టే ఆన్‌లైన్ సేవ 2000 నుంచే నడుస్తున్నది. 2026ను సుస్థిరాభివృద్ధి కోసం అంతర్జాతీయ వాలంటీర్ల సంవత్సరంగా ప్రకటించారు కూడా. డిగ్రీ పూర్తిచేసి, చేతిలో ఒక విద్య పట్టుకుని, అక్కడి భాష కొంత నేర్చుకుని, ఏడాదికో రెండేళ్లకో వెళతానంటే నీ పెట్టె నేనే సర్దుతాను.

శనివారాల్లో గ్రంథాలయంలో నువ్వు చదువు చెప్పే ఆ పెద్దావిడ ఎలా ఉన్నది? చాలా కాలంగా నువ్వు ఆమె ఊసు ఎత్తడం లేదు, నేనే అడుగుదామనుకుంటూ ఉన్నాను. వేరే దేశం నుంచి వచ్చి, తన భాషలో కూడా ఎన్నడూ అక్షరం దిద్దని ఆమె, పెన్సిలును పిడికిట్లో పట్టుకుని, కాగితం చిరిగిపోయేంత గట్టిగా తన పేరు రాసిందని, మనవడి బడి దరఖాస్తు మీద వేలిముద్ర వేయకుండా సంతకం పెట్టి, ఆ దరఖాస్తును ఎవరికీ ఇవ్వకుండా కాసేపు చేతిలోనే ఉంచుకున్నదని రాశావు. ఆ ఉత్తరాన్ని అమ్మ మీ నాయనమ్మకు చదివి వినిపించింది. ప్రపంచంలో చదవడం రాయడం రాని పెద్దలు ఇంకా 70 కోట్లకు పైగా ఉన్నారు, వారిలో దాదాపు మూడింట రెండు వంతులు స్త్రీలే, అందులో ఒకరు ప్రతి శనివారం నీ ఎదురుగా వచ్చి కూర్చుంటున్నారు. ఆమె నీకు నేర్పుతున్నది ఏ కోర్సులోనూ దొరకదు. కోర్సుకు కావలసిన వాలంటీర్ గంటలు నిండిపోయాయని, సంతకం అయిపోయిందని ఆ శనివారాలు మానేయలేదు గదా? నువ్వు సెలవుల్లో లేకపోతే ఆ రెండు వారాలు ఆమెకు ఎవరు చెబుతారో ముందే ఏర్పాటు చేసి, ఆ సంగతి ఆమెకు నీ నోటితో చెప్పు.

మీ ఆచార్యులు రాయమంటున్న రిఫ్లెక్షన్ జర్నల్‌ను ఆఖరి రాత్రి కూర్చుని నింపకు. చేసిన పనిని నెమరువేసుకుని, దాని నుంచి ఒక ఆలోచన తీసి, దాన్ని మళ్లీ పనిలో పరీక్షించుకోవాలన్నది మీ పాఠాల్లో వచ్చే విద్యా సిద్ధాంతకర్త కోల్బ్ 1984లో చెప్పిన మాటే గదా. ఆ వాషరు ప్రశ్న గురించి రాయి, ఆ సంతకం గురించి రాయి. విమానం దిగి తీసుకున్న ఫోటోల కంటే అవి మీ ఆచార్యులకు ఎక్కువ చెబుతాయి.

ఇక బుజ్జిగాడి మాటల్లో ఏ కొంచెమైనా నిజం ఉంటే, డబ్బు కట్టకముందే ఆ సంస్థ పంపిన కాగితాలన్నీ నాకు పంపు. కట్టేసి ఉన్నా దాచవద్దు, రద్దు చేసుకునే నిబంధనలు ఇద్దరం కలిసి చదువుదాం. నేనేమీ అనను. పెద్దత్తయ్య నీతో తనే మాట్లాడతానంటున్నది, ఆదివారం సాయంత్రం ఆమె ఫోన్ చేస్తే తప్పక ఎత్తు, ఆమెకు చెవి సరిగా వినిపించడం లేదు కనుక నెమ్మదిగా, గట్టిగా మాట్లాడు.

రాత్రి సమావేశాలు ముగిశాక ఫోను చూస్తూ కూర్చోకుండా పడుకో. కళ్లజోడు నంబరు మారిందేమో చూపించుకోమన్నాను, చూపించుకున్నావా? ఎప్పుడు ఏ దేశం వెళ్లినా అక్కరకు వస్తుందని నీ టీకాల కార్డు బీరువాలోంచి తీసి రెండు వైపులా ఫోటో తీశాను, ఈ రాత్రికి పంపుతాను. ధనుర్వాతం టీకా చివరిసారి ఎప్పుడు వేయించామో అందులో చూసుకుని, గడువు దాటి ఉంటే ఈ వారంలోనే వేయించుకో. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలకైతే ఆ టీకా వేయించుకున్న 10 రోజులకు గాని ధ్రువపత్రం చెల్లదు, 2016 జూలై నుంచి ఆ పత్రం జీవితాంతం చెల్లుతుంది కనుక దాన్ని పాస్‌పోర్టుతో పాటే భద్రపరచుకోవాలి. డాక్టరును కలిసే ముందు నీకు పెన్సిలిన్ పడదన్న సంగతి చెప్పడం మరచిపోవద్దు.

ఆశీస్సులతో,
నాన్న